ఇంటి కొలనులో పాము, కొంగ, కోతులు, దోమలు: పూడ్చకుండా దారి ఏమైనా ఉందా?

తామరకొలను_తిరుచానూరు | అక్టోబరు 11, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది తిరుచానూరు దగ్గర. ఇంటి వెనక ఖాళీ జాగాలో పోయిన ఏడు సిమెంటు కొలను కట్టించి తామర, కలువ వేశాం. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. నాలుగు వైపులా నిటారు గోడ, పైన గ్రానైట్ అంచు. బోరు నీళ్లే. గోల్డ్ ఫిష్, కోయి అనే రంగు చేపలు కలిపి వదిలాం.

వానలు మొదలైనప్పటి నుంచి ఒకదాని వెనక ఒకటి. పొద్దున్నే ఒక కొంగ గట్టు మీద కూర్చుంటోంది, చేపలు తగ్గిపోతున్నాయి. రాత్రయితే కప్పల గోల. కోతులు వచ్చి తామర మొగ్గలు తుంచి పారేస్తున్నాయి. నిన్న మా అత్తమ్మ పువ్వులు కోయడానికి వెళితే ఆకుల మధ్య నుంచి పాము తల పైకెత్తింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. దీనికి తోడు పక్కింటివాళ్లు దోమలన్నీ మా కొలనులోంచే వస్తున్నాయని, ఎవరికైనా డెంగీ వస్తే మాదే బాధ్యత అని గొడవ పెట్టుకున్నారు.

మట్టి పోసి పూడ్చేద్దామని ఇంట్లో సగం మంది అంటున్నారు. నాకు అస్సలు మనసొప్పడం లేదు. పైన వల కప్పేస్తే ఇవన్నీ ఆగుతాయా? పాములు రాకుండా గుళికలు చల్లమంటున్నారు, చల్లొచ్చా?

రేణిగుంట_అక్వేరియం | అక్టోబరు 11, రాత్రి 9:15

పూడ్చాల్సిన పని లేదు మేడం. సన్న కన్నాల నైలాన్ వల తెచ్చి నాలుగు వైపులా బిగించేయండి. కొంగ, కోతి రెండూ ఆగుతాయి. దోమలకు గంబూసియా చేపలు ఓ గుప్పెడు వదలండి, లార్వా మొత్తం తినేస్తాయి. మున్సిపాలిటీ వాళ్లు కూడా అవే వదులుతారు.

చంద్రగిరి_పాములమిత్ర | అక్టోబరు 11, రాత్రి 10:02

అక్కా, ముందు గుళికల సంగతి చెప్తాను, అది అన్నిటికన్నా ప్రమాదం. మన పల్లెల్లో పాములకని చల్లేది ఎక్కువగా ఫోరేట్ గుళికలు. ఆ మందు మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధం. అయినా కొన్ని చోట్ల పాత స్టాకు చేతులు మారుతూనే ఉంది. అది పామును తరమదు. వానకు కరిగి కొలనులోకి దిగితే చేపలు, కప్పలు చస్తాయి. ఆ నీళ్లు తాగిన పిల్లీ కుక్కా, చేయి పెట్టిన పిల్లలూ ఆసుపత్రి పాలవుతారు. ఫినాయిల్, కార్బాలిక్ యాసిడ్, గంధకం, వెల్లుల్లి నీళ్లు, వీటిలో ఏదీ పామును ఆపదు.

వల గురించి పైన అన్న చెప్పినదానికి నేను ఒప్పుకోను. పాము తల దూరిన కన్నంలోంచి ముందుకే పోతుంది. మధ్యలో ఒళ్లు లావుగా ఉన్న చోట ఇరుక్కుంటుంది. వెనక్కి రాబోతే పొలుసులు దారానికి తగులుకుంటాయి. గింజుకునే కొద్దీ దారం చర్మంలోకి కోసుకుపోతుంది. ఇలా వలలో చిక్కిన జెర్రిపోతులను, నాగుపాములను చిన్న కత్తెరతో ఒక్కో పోగూ కత్తిరించి తీస్తుంటాం. తీసినా అన్నీ బతకవు. పైగా మీ అత్తమ్మగారు పూలకు వెళ్లే చోట చిక్కుకున్న నాగుపాము ఉండటం, తన దారిన తాను పోయే పాముకన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. కప్పే తీరాలంటే గట్టి వెల్డ్ మెష్ (కమ్మీలు గళ్లుగా అతికిన ఇనుప జాలి) ఫ్రేము వేయించండి, మెత్తటి వల మాత్రం వద్దు.

మీరు చూసిన పాము ఫొటో ఏమైనా ఉందా? దగ్గరికి వెళ్లి మాత్రం తీయకండి.

తామరకొలను_తిరుచానూరు | అక్టోబరు 12, ఉదయం 7:30

మా అబ్బాయి మేడ మీద నుంచి జూమ్ చేసి తీశాడు. పెడుతున్నాను. పసుపు కలిసిన మట్టి రంగు, ఒంటి మీద నల్ల గళ్లు. తలెత్తినప్పుడు మెడ కొంచెం చదునుగా చేసింది, అందుకే నాగుపాము అనుకున్నాం.

చంద్రగిరి_పాములమిత్ర | అక్టోబరు 12, ఉదయం 8:11

నీరుకట్టె అక్కా. కంటి కింద నుంచి వెనక్కి రెండు నల్ల గీతలు ఏటవాలుగా దిగాయి చూడండి, ఒంటి మీద చదరంగం బల్లలా గళ్లు. బెదిరితే మెడ చదును చేసి లేస్తుంది, దాంతో చాలామంది నాగుపాము అని కొట్టి చంపేస్తారు. విషం లేదు. కానీ కోపిష్ఠి, పట్టుకోబోతే గట్టిగా కరుస్తుంది, రక్తం కారుతుంది. కప్పలు, చేపలు దాని తిండి. నీళ్లున్న చోట అది కనిపించడం మామూలే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది రక్షిత జీవి, చంపడం నేరం.

మీరు భయపడాల్సింది కొలను చుట్టూ ఉన్న చెత్త గురించి. ఫొటోలో గోడ పక్కన ఇటుకల కుప్ప, కొబ్బరి మట్టలు కనిపిస్తున్నాయి. ఎలుకలు అక్కడ చేరతాయి, వాటి కోసం నాగుపాము, రక్తపింజర వస్తాయి. ఆ కుప్ప తీసేయండి. కొలను చుట్టూ మూడడుగుల మేర గడ్డి పొట్టిగా ఉంచండి. చీకటి పడ్డాక, తెల్లవారుజామున టార్చి, కాళ్లకు చెప్పులు లేకుండా అటు వెళ్లొద్దు. ఎప్పుడైనా పాము కరిస్తే అది ఏ పామో తేల్చుకుంటూ కూర్చోవద్దు. కోయడం, గట్టిగా తాడు కట్టడం, పసరు మందు ఏమీ వద్దు. కరిచిన చేయో కాలో కదలకుండా ఉంచి, ఉంగరం, గాజులు తీసేసి, 108కి ఫోన్ చేసి తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జువాలజీ_పిల్ల | అక్టోబరు 12, మధ్యాహ్నం 1:45

దోమల గురించి నేను రాస్తాను ఆంటీ, నా చదువులో ఎక్కువ భాగం దోమలూ తూనీగలే.

డెంగీ తెచ్చే దోమ ఈడిస్ ఈజిప్టై. అది చిన్న చిన్న పాత్రల్లో నిలిచిన మంచినీళ్లను వెతుక్కుంటుంది. కూలర్ ట్రే, ఫ్రిజ్ వెనక డబ్బా, పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, కొబ్బరి చిప్ప, మూత సరిగా లేని సంపు. గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు, అంచులు బ్రష్‌తో రుద్ది కడగాలి. గుడ్డు నుంచి దోమగా ఎగిరిపోవడానికి వారం పది రోజులు చాలు. వారానికోసారి నిలిచిన నీళ్లన్నీ పారబోయాలని, శుక్రవారం డ్రై డే అని చెప్పేది ఈ లెక్క మీదే.

మీ కొలను లాంటి చోట తూనీగ పిల్లలు, నీటి పురుగులు ఉంటే దోమ లార్వా బతికి బట్టకట్టడం కష్టం. తూనీగ జీవితంలో ఎక్కువ భాగం నీళ్లలోనే, రెక్కల్లేని పిల్లగా గడుస్తుంది. ఒకసారి జల్లెడతో అడుగు మట్టి కొంచెం పైకి తీసి తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి చూడండి. బురద రంగులో, పెద్ద కళ్లతో, ఆరు కాళ్లతో పాకేది అదే. దాని కింది పెదవి మడిచి ముఖం కింద దాచుకుంటుంది. లార్వా దగ్గరికి వస్తే ఆ పెదవి ఒక్కసారిగా ముందుకు చాచి, కొసన ఉన్న కొక్కేలతో పట్టి నోట్లోకి లాక్కుంటుంది. పళ్లెంలో ఒక దోమ లార్వా వేస్తే మీ కళ్ల ముందే జరుగుతుంది.

ఇక గంబూసియా. అది అమెరికా చేప, మన దేశానికి 1928లో తెచ్చారు. దోమ లార్వాను తింటుంది, నిజమే. కానీ కప్ప గుడ్లను, తోకకప్పలను, తూనీగ పిల్లలను కూడా వదలదు. అంటే మీ కొలనులో ఊరికే దోమలను తింటున్న వాటిని తినేసి తాను కూర్చుంటుంది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది, కాబట్టి సంఖ్య తొందరగా పెరిగిపోతుంది. ఈ నెలాఖరు వానలకు కొలను పొంగితే కాలువలోకి, అక్కడి నుంచి స్వర్ణముఖి నదిలోకి పోతుంది. మన చెరువుల చిన్న చేపలకు అది పెద్ద దెబ్బ.

రేణిగుంట_అక్వేరియం | అక్టోబరు 12, మధ్యాహ్నం 3:20

పుస్తకాల్లో బాగానే ఉంటుందమ్మా. పక్కింటివాళ్లకు తూనీగ పిల్లలను చూపించి ఒప్పించగలమా? కంటికి చేప కనిపిస్తే వాళ్లకు ధైర్యం. దోమల విషయంలో రిస్క్ తీసుకోకూడదు, డెంగీ వచ్చిన ఇంట్లో ఉన్నవాడిని, ఆ బాధ నాకు తెలుసు.

జువాలజీ_పిల్ల | అక్టోబరు 12, సాయంత్రం 5:05

మీ మాటలో న్యాయముంది అంకుల్. చేప కావాలంటే మన ఊరి చెరువు చేపే వేసుకోవచ్చు. తల మీద వెండి చుక్క మెరుస్తూ నీటి పైపొరలోనే తిరిగే అప్లోకైలస్ చేప మన కాలువల్లో, గుంటల్లో ఉంటుంది. నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి పైకి వచ్చిన లార్వాను ఏరుకుని తింటుంది. నాలుగైదు చాలు. అప్పటికీ అనుమానం ఉంటే బీటీఐ అనే బాక్టీరియా మందు వేయొచ్చు. దోమ లార్వా పేగును దెబ్బతీస్తుంది, చేపకు, కప్పకు, తూనీగకు ఏమీ కాదు. ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటొద్దు.

ఇంకొక్కటి. మొక్కలకు కొట్టే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు చేపలకు, తోకకప్పలకు చాలా కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. కొలను పక్కన గులాబీలకు ఆ స్ప్రే వద్దు.

మిద్దెతోట_కమల | అక్టోబరు 12, రాత్రి 9:30

నాది తిరుపతి టౌనులో మిద్దె తోట. పెద్ద టబ్బుల్లో కలువలు పెంచుతున్నాను. మాకూ దోమల ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్లనే పైకి పిలిచి టబ్బులు చూపించాను. తర్వాత అందరం కలిసి వాళ్ల పెరడు, మెట్ల కింద, ట్యాంకు పక్కన వెతికాం. లార్వా దొరికింది వాళ్ల కూలర్‌లో. గొడవ పడకుండా ఇలా చేసి చూడండి, కళ్లారా చూస్తే మాట తగ్గుతుంది.

గుర్రపుడెక్క మాత్రం పొరపాటున కూడా వేయకండి. నర్సరీలో ఊదా పువ్వు చూపించి అంటగడతారు. నీళ్లు కనపడకుండా అల్లేసి, అడుగున ఊపిరాడకుండా చేస్తుంది.

గువ్వలూ_కొంగలూ | అక్టోబరు 13, ఉదయం 6:50

కొంగ సంగతి నేను చెప్తాను మేడం. కూర్చున్నప్పుడు మట్టి రంగు, ఎగిరితే తెల్లటి రెక్కలు. అవునా? అయితే అది గుడ్డి కొంగ. దాని చూపుకేమీ లోపం లేదు, ఊరికే పేరు. గట్టు మీద గంటలు కదలకుండా నిలబడుతుంది, లేదా మోకాలి లోతు నీళ్లలో దిగుతుంది. మీ గ్రానైట్ అంచు దానికి కుర్చీ వేసినట్టు కుదిరింది. పైగా ఎరుపు, తెలుపు, బంగారు రంగు చేపలు, నీళ్లలో దాక్కోవడానికి చోటు లేదు.

ఆకులు నీటి పైభాగాన్ని సగానికి పైగా కప్పనివ్వండి. అడుగున ఆరంగుళాల పీవీసీ పైపు ముక్కలు, పగిలిన కుండలు పడుకోబెట్టండి, నీడ చూస్తే చేపలు అందులోకి దూరతాయి. అంచు వెంట చిన్న గుంజలకు జానెడు ఎత్తున ఒకటి, దాని పైన ఇంకో జానెడు ఎత్తున ఒకటి చేపల గాలం దారం బిగించి కట్టండి. కాలికి తగిలితే దానికి చిరాకు. దారం వదులుగా మాత్రం ఉండొద్దు. ప్లాస్టిక్ కొంగ బొమ్మ కొనకండి, రెండు మూడు రోజుల్లో నిజం కొంగ వచ్చి పక్కనే నిలబడుతుంది.

ఆకులు పెరిగితే ఇంకో లాభం కూడా ఉంది. మన ఎండాకాలం ఎండకు నీళ్లు పచ్చగా మారి నాచు పట్టడం తగ్గుతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే రాత్రి ప్రాణవాయువు తగ్గిందని అర్థం. రాత్రంతా మొక్కలు, నాచు కూడా దాన్ని వాడుకుంటాయి. కుళ్లిన ఆకులు తీసేసి చిన్న పంపుతో నీళ్లు తిప్పండి. మొత్తం నీళ్లు ఒకేసారి తోడి మార్చొద్దు.

ఒక మాట నిర్మొహమాటంగా చెప్తాను. కోయి రెండడుగుల దాకా పెరిగే చేప. తామర దుంపలను తవ్వి పారేస్తుంది. ఆ కొలనులో తామర ఉండాలా కోయి ఉండాలా మీరే తేల్చుకోవాలి. తీసేస్తే పెద్ద కొలను ఉన్నవాళ్లకు ఇవ్వండి, అవిలాల చెరువులోనో పేరూరు చెరువులోనో వదలకండి. అక్వేరియాల్లో పెంచే విదేశీ సక్కర్ చేప ఇలా ఎవరో వదలడం వల్లే ఇప్పుడు వలల్లో పడి జాలర్ల వలలు చించుతోంది.

పలమనేరు_మామిడితోట | అక్టోబరు 13, రాత్రి 8:20

అందరూ లోపలికి ఏం వస్తుందో మాట్లాడుతున్నారు. బయటికి ఎలా పోతుందో కూడా చూడాలి. అక్కయ్యగారు నాలుగు వైపులా నిటారు గోడ అన్నారు కదా, నాకు అక్కడే మనసు ఆగిపోయింది.

మా తోటలో నీటి కుంట ఉంది, నల్ల ప్లాస్టిక్ షీటు పరిచినది. ఈ వైపు మామిడి, టమాటా రైతులకు చాలామందికి ఉంటుంది. షీటు తడిస్తే నాచు పట్టి నున్నగా జారుతుంది. తాగడానికి దిగిన కుక్క, మేక, నక్క, ఉడుము, కుందేలు ఏదైనా సరే, ఎక్కబోయి జారి, మళ్లీ ఎక్కబోయి జారి అలిసిపోయి మునిగిపోతుంది. కుంట గట్టు మీద షీటుకు గోళ్లు గీసిన గీతలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మనుషులు, చిన్నపిల్లలు కూడా ఇలాగే పోతున్నారు.

అందుకని మేము నాలుగు మూలల్లోనూ కొబ్బరి పీచు తాడుతో అల్లిన వెడల్పు నిచ్చెన వేశాం. పైన గట్టు మీద గట్టి గుంజకు కట్టి, కింది కొస నీటి అడుగు దాకా వదిలి రాయి కట్టాం. ఎండాకాలం నీటి మట్టం దిగిపోతుంది కాబట్టి అడుగు దాకా ఉండాలి, సగంలో ఆపితే పనికిరాదు. పాత టైర్లు ఒకదానికొకటి కట్టి జారవిడిచినా పని చేస్తుంది. చుట్టూ కంచె ఎలాగూ ఉండాలి. పక్షులకు, చిన్న జీవాలకు కంచె బయట వేరే లోతు లేని తొట్టి, నాలుగంగుళాల నీళ్లతో పెట్టాం. తాగే నీళ్లు అక్కడే దొరికితే కుంటలోకి దిగే పని ఉండదు.

కౌండిన్య అడవి నుంచి ఏనుగులు వచ్చే ఊళ్లలో ఈ కంచెలూ నిచ్చెనలూ వాటిని ఆపవు. అక్కడ అటవీశాఖవాళ్లకు కబురు చేయడమే, రాత్రిపూట కుంట దగ్గర కాపలా పడుకోవద్దు.

ఇంటి కొలనుకైతే ఒక మూల గరుకు సిమెంటుతో ఏటవాలు కట్టించండి, లేదా రాళ్లు మెట్లుగా పేర్చండి. కాళ్లు వచ్చిన కప్పపిల్లలు గట్టెక్కాలి కదా. ఉడుత, తొండ పడినా బయటపడతాయి.

తామరకొలను_తిరుచానూరు | అక్టోబరు 13, రాత్రి 9:55

పలమనేరు అన్నగారూ, పొద్దున నీళ్లలో ఉడుత పిల్ల తేలుతూ కనిపించేది అప్పుడప్పుడు. పిల్లి పని అనుకునేవాళ్లం. మేస్త్రీని రేపే పిలుస్తున్నాను.

ఇంకో సందేహం. కొలనులో తాబేలు ఉంటే వాస్తుకు మంచిదని మా బంధువులు ఒకటి తెచ్చిస్తామంటున్నారు. వేసుకోవచ్చా?

చంద్రగిరి_పాములమిత్ర | అక్టోబరు 13, రాత్రి 10:20

వద్దే వద్దు అక్కా. మన చెరువుల్లో ఉండే మెత్తటి చిప్ప తాబేలు వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఇంట్లో పెంచితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. నక్షత్ర తాబేలు కూడా పెంచకూడదు. షాపుల్లో అమ్మే చెవి దగ్గర ఎర్ర చార ఉన్న తాబేలు విదేశీది. పెద్దదయ్యాక జనం విసుగొచ్చి చెరువులో వదిలేస్తారు, అక్కడ మన తాబేళ్ల చోటు ఆక్రమిస్తుంది. వాస్తుకు ఇత్తడి తాబేలు పెట్టమని చెప్పండి.

అలిపిరి_వెనకవీధి | అక్టోబరు 14, ఉదయం 10:10

మా ఇల్లు కొండ పాదం దగ్గరే. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిన్నపాప చిరుతకు బలైనప్పటి నుంచి తోటలో నీటి తొట్టి పెట్టాలంటేనే భయం. పెట్టొచ్చా?

గువ్వలూ_కొంగలూ | అక్టోబరు 14, ఉదయం 11:25

పిట్టలకు మట్టి మూకుడు పెట్టండి, పెద్ద కొలను మాత్రం అక్కడ వద్దు. నీళ్ల కోసం అడవి పందులు, వీధి కుక్కలు చేరితే వాటి వెనక చిరుత వస్తుంది. మిగిలిన అన్నం బయట వేయకండి, రాత్రి కుక్కను లోపల కట్టండి, పొదలు కొట్టించి లైటు ఉంచండి. పునుగు పిల్లి వస్తే మాత్రం భయపడొద్దు, పండ్లు, ఎలుకలు తిని వెళ్లిపోతుంది. శ్రీవారికి పునుగు తైలం వాడే ఊరు మనది, దాన్ని తరిమి కొట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

మిద్దెతోట_కమల | అక్టోబరు 14, మధ్యాహ్నం 2:00

కోతుల గురించి ఎవరూ చెప్పలేదు. వాటికి మన తామర పువ్వు అక్కర్లేదు, దుంప, గింజలు కావాలి. తామర నాటిన కుండీ పైన మట్టి మీద గులకరాళ్లు పరిచి, ఇనుప జల్లెడ గుండ్రంగా కత్తిరించి, కాడలు వచ్చేలా మధ్యలో కన్నం పెట్టి తీగతో బిగించండి. కుండీని నీటి మధ్యలో ఉంచితే చేయి అందదు. మొగ్గలు కొన్ని పోతాయి, పూర్తిగా ఆపలేం. వీధిలో ఎవరైనా అరటిపండ్లు పెడుతుంటే వాళ్లతో మాట్లాడాలి, అది ఆగకపోతే ఏం చేసినా వస్తూనే ఉంటాయి.

జువాలజీ_పిల్ల | అక్టోబరు 14, సాయంత్రం 6:15

కప్పల గోల గురించి ఆంటీ. అరిచేది మగ కప్పలు, ఆడ కప్పలను పిలవడానికి. పెద్ద వాన పడ్డాక కొన్ని రాత్రులు ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. బోదురు కప్ప అయితే ఈ రోజుల్లో ఒళ్లంతా నిమ్మపండు పసుపు, గొంతుకు రెండు పక్కలా నీలం సంచులు ఉబ్బుతాయి. టార్చి వేసి మా చెల్లెళ్లకు చూపిస్తే ఊపిరి బిగబట్టి చూశారు.

కొలను పైన వంగిన కొమ్మకు తెల్లటి నురగ ముద్ద కనిపిస్తే బూజు అనుకుని దులపకండి. అది చెట్టు కప్ప గూడు. పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడిగా ఉండి గుడ్లు పెరుగుతాయి. కొన్ని రోజులకు అడుగు మెత్తబడి తోకకప్పలు ఒక్కొక్కటే నీళ్లలోకి జారిపడతాయి.

ఇంట్లో కుక్క ఉంటే ఒక జాగ్రత్త. ఒళ్లంతా బుడిపెలున్న పొడి చర్మపు కప్పను నోట కరిస్తే, దాని చెవుల వెనక ఉబ్బుల నుంచి విషం వస్తుంది. నోట్లో నురగ కడుతుంది. తడి గుడ్డతో చిగుళ్లు, నాలుక తుడిచి, నీళ్లు గొంతులోకి పోకుండా నోరు పక్కకు వంచి కడిగి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

తామరకొలను_తిరుచానూరు | నవంబరు 9, రాత్రి 8:05

అందరికీ చాలా థాంక్స్. ఇటుకల కుప్ప తీసేయించాం. ఈశాన్య మూల గరుకు ఏటవాలు కట్టించి రాళ్లు పేర్చాం, పక్కనే వాము, పసుపు మొక్కలు గుబురుగా పెట్టాం. కోయి చేపలను పెద్ద కొలను ఉన్న తెలిసినవాళ్లకు ఇచ్చేశాం, గోల్డ్ ఫిష్ ఉంచాం. పైపు ముక్కలు వేశాక కొంగ వస్తోంది కానీ ఎక్కువసేపు ఉండటం లేదు. నీరుకట్టె ఇంకా ఉంది. మా అత్తమ్మ ఇప్పుడు పూలు కోయడానికి పొడుగు కర్రకు కొక్కెం కట్టుకుని గట్టు మీద నుంచే కోస్తున్నారు. పక్కింటివాళ్లను పిలిచి తెల్ల పళ్లెంలో తూనీగ పిల్లను చూపించాం. వాళ్ల పాప దాన్ని చూడటానికి రోజూ వస్తోంది. వాళ్ల నాన్న ఇంకా పూర్తిగా నమ్మలేదు, బీటీఐ కూడా వేయమన్నారు, సరేనన్నాం.

ఇప్పుడు అడగాల్సింది ఒకటే. అల్పపీడనం అంటున్నారు, 2021 నవంబరు వానలకు మా వీధి మునిగింది. కొలను పొంగితే గోల్డ్ ఫిష్ కాలువలోకి పోకుండా ఏం చేయాలి?

పలమనేరు_మామిడితోట | నవంబరు 9, రాత్రి 8:50

అంచుకు ఆరంగుళాలు కింద రెండంగుళాల పైపు పెట్టి పొంగు నీళ్లు తోట మట్టిలోకి పోయేలా తిప్పండి, కాలువలోకి కాదు. పైపు మూతికి స్టీలు జల్లెడ బిగించి, ఆకులు అడ్డుపడకుండా వానకు ముందు ఒకసారి, వాన మధ్యలో ఒకసారి దులపండి. ఈ రాత్రికి పైపు కుదరకపోతే నీళ్లు తోడి మట్టం ఒక జానెడు తగ్గించి పెట్టుకోండి. ఒకవేళ వీధి నీళ్లే లోపలికి వచ్చేలా ఉంటే, చేపలను మూత ఉన్న డ్రమ్ములోకి, అదే కొలను నీళ్లతో మార్చి మేడ మీద పెట్టండి.

రేణిగుంట_అక్వేరియం | నవంబరు 9, రాత్రి 9:05

డ్రమ్ములో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పెట్టండి మేడం, కరెంటు పోతుంది. నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది, రేపు తిరుచానూరు వైపు వస్తున్నాను, ఇచ్చి వెళ్తాను.